క్రాష్ అయిన ప్రాసెస్ ఇదేనా? కోర్ డంప్ హెల్పర్ ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

రాత్రంతా నడిచే పరీక్షల్లో నేను రాస్తున్న సర్వర్ ప్రోగ్రామ్ ఎప్పుడో ఒకప్పుడు కూలిపోతుంది. ఉదయం వచ్చి చూస్తే కోర్ ఫైల్ (కూలిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీకి తీసిన నకలు) ఒకటి మిగిలి ఉంటుంది గానీ, కూలిన క్షణంలో ఆ ప్రాసెస్ ఏయే ఫైళ్లు తెరిచి ఉంచిందో, ఏ సీగ్రూప్‌లో (కెర్నెల్ ప్రాసెస్‌లను చేర్చి పరిమితులు పెట్టే గుంపులో) ఉందో, ఎవరి పేరు మీద నడుస్తోందో చెప్పే ఆధారం ఏదీ ఉండదు. ఇందుకు తయారుగా దొరికే పరికరాలు ఉన్నాయని తెలుసు. అయినా లినక్స్ కెర్నెల్ కోర్ డంప్‌ను ఎలా అప్పగిస్తుందో చేతులతో చేసి తెలుసుకోవాలన్న కోరికతో, సీ భాషలో ఆ డంప్‌ను అందుకునే ఒక చిన్న హెల్పర్ ప్రోగ్రామ్‌ను సొంతంగా రాయడం మొదలుపెట్టాను. ప్రయోగాలన్నీ 6.12 కెర్నెల్ నడిచే ఒక వర్చువల్ మెషీన్‌లోనే చేస్తున్నాను; పాడైతే పాత స్నాప్‌షాట్‌కు వెళ్లిపోవచ్చు.

ఏర్పాటు సులభమే. కోర్ ప్యాటర్న్ అనే కెర్నెల్ సెట్టింగ్‌లో మొదటి అక్షరంగా నిలువు గీత పెట్టి, దాని వెంటనే ఖాళీ లేకుండా ప్రోగ్రామ్ పూర్తి పాత్ రాస్తే, కెర్నెల్ కోర్‌ను ఫైల్‌గా రాయడం మాని ఆ ప్రోగ్రామ్ స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి పైప్ ద్వారా పంపుతుంది. 2.6.19 నుంచి ఉన్న సదుపాయం ఇది. పాత్ తరువాత శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతాలు ఇస్తే పీఐడీ (ప్రాసెస్‌కు కెర్నెల్ ఇచ్చే సంఖ్య), సిగ్నల్ సంఖ్య, సమయం వంటివి ఆర్గ్యుమెంట్లుగా వస్తాయి. మొత్తం వరుస 128 బైట్లకు మించకూడదు కాబట్టి పొడవాటి డైరెక్టరీ పేర్లు పనికిరావు.

సగం రోజు మాత్రం ఒక అమాయకత్వానికి బలైపోయింది. హెల్పర్‌లో రాసిన ప్రింట్ వాక్యాలు ఎక్కడా కనిపించకపోతే ప్రోగ్రామ్ అసలు మొదలవడమే లేదనుకున్నాను. ఈ ప్రాసెస్‌ను పుట్టించేది కెర్నెల్, దానికి టెర్మినల్ ఉండదు, స్టాండర్డ్ ఎర్రర్ ఎక్కడికీ కలిసి ఉండదు. సందేశాలను నేరుగా కెర్నెల్ లాగ్ పరికరంలోకి రాయడం మొదలుపెట్టాక హెల్పర్ ఉదయం నుంచీ చక్కగా నడుస్తూనే ఉందని తెలిసింది. మరో సంగతి కూడా అనుకోకుండా బయటపడింది: నా తప్పు వల్ల హెల్పరే నల్ పాయింటర్‌తో కూలినప్పుడు, దాని కోర్ కోసం మళ్లీ హెల్పర్ పుట్టే గొలుసు మొదలవలేదు. హెల్పర్‌ను పుట్టించేటప్పుడే కెర్నెల్ దాని కోర్ పరిమితిని 1 అని పెడుతుంది. ఆ విలువ కనిపిస్తే డంప్ చేయకుండా లాగ్‌లో ఒక మాట రాసి ఊరుకుంటుంది.

రెండో రోజు

నేమ్‌స్పేస్ (ప్రాసెస్‌లకు సొంత పీఐడీ లెక్క ఉండే వేరు గది) లోపల నడిచే ప్రాసెస్‌ను కూల్చి చూస్తే, నా రికార్డులో కమాండ్ లైన్ ఖాళీగా, పేరు ఏదో కెర్నెల్ థ్రెడ్‌దిగా వచ్చింది. నేను కోర్ ప్యాటర్న్‌లో చిన్న అక్షరం పీ వాడాను. అది కూలిన ప్రాసెస్‌కు దాని సొంత నేమ్‌స్పేస్‌లో ఉన్న సంఖ్యను ఇస్తుంది. హెల్పర్ నడిచేది మాత్రం బయటి, అసలు నేమ్‌స్పేస్‌లో. లోపల 7 అయినది బయట 7 కాదు. పెద్ద అక్షరం పీకి మార్చగానే సరిపోయింది. ఇది రేస్ కండిషన్ (రెండు పనుల్లో ఏది ముందు జరుగుతుందన్న దాన్ని బట్టి ఫలితం మారే లోపం) కాదు గానీ, పీఐడీ అన్నది ఏ చోట, ఏ సమయంలో చదివామన్న దాన్ని బట్టి అర్థం మారే ఒక సంఖ్య మాత్రమే అని ఈ ప్రాజెక్టులో నాకు అందిన మొదటి హెచ్చరిక ఇదే.

మూడో రోజు

ఈ రోజు కథ అసలు దారిలోకి వచ్చింది. రాత్రి పరీక్షల్లో వచ్చిన రికార్డులను తిరగేస్తే చాలా వాటిలో కమాండ్ లైన్ లేదు, తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా లేదు. ప్రాసెస్‌ల వివరాలను కెర్నెల్ ఫైళ్లుగా చూపించే ప్రోక్ డైరెక్టరీలో ఆ పీఐడీయే లేదని ఎర్రర్. ఒక్క రికార్డు మాత్రం అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది: అందులో కమాండ్ లైన్ పరీక్షల స్క్రిప్ట్ పిలిచే ఒక చిన్న షెల్ ఉపకరణానిది, కోర్‌లో ఉన్నది మాత్రం నా సర్వర్ మెమరీ. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకున్నట్టుగా, పాత ప్రాసెస్ సంఖ్య మీద కొత్త ప్రాసెస్ తన వివరాలను నా రికార్డులోకి ఎక్కించింది.

తప్పు నా వరుసలోనే ఉంది. హెల్పర్ ముందుగా పైప్‌లో వచ్చే కోర్‌ను చివరి వరకు చదివి డిస్క్ మీద రాసి, ఆ తరువాత తీరికగా ప్రోక్ చూడటానికి వెళ్తోంది. పైప్ ఇముడ్చుకోగలిగేది మామూలుగా 64 కిలోబైట్లు. కోర్ అంతకంటే పెద్దదైతే, మిగతాది రాయడానికి కూలిన ప్రాసెస్ కెర్నెల్ లోపల ఆగి ఉంటుంది కాబట్టి, హెల్పర్ చదవనంత వరకు ఆ ప్రాసెస్ పోదు. చివరి బైట్ చదివేసిన మరుక్షణం దాన్ని ఆపేది ఏదీ లేదు. అది నిష్క్రమిస్తుంది, తల్లి ప్రాసెస్ దాన్ని రీప్ చేస్తుంది (ముగింపు ఫలితం తీసుకుని జాబితా నుంచి తొలగిస్తుంది), సంఖ్య ఖాళీ అవుతుంది. నేను సాక్షిని ఇంటికి పంపేసి వాంగ్మూలం కోసం వెతుకుతున్నాను.

రెండు మార్పులు చేశాను. ఒకటి, ప్రోక్ చదవడాన్ని ముందుకు తెచ్చాను. రెండు, కోర్ పైప్ లిమిట్ అనే సెట్టింగ్‌ను 4 చేశాను. 2.6.32 నుంచి ఉన్న ఈ సెట్టింగ్‌లో 0 అంటే ఎన్ని డంపులైనా ఒకేసారి జరగవచ్చు, కానీ హెల్పర్ ముగిసేదాకా కెర్నెల్ ఆగదు. 0 కాని సంఖ్య పెడితే అన్ని డంపులకే ఒకేసారి అనుమతి ఉంటుంది, హెల్పర్ పైప్ మూసేదాకా కూలిన ప్రాసెస్ ఉండిపోతుంది. పరిమితి దాటిన క్రాష్‌లకు కోర్ ఉండదు, లాగ్‌లో ఒక వరుస మాత్రం పడుతుంది. నా అవసరానికి ఈ బేరం నచ్చింది. సాయంత్రానికి రికార్డులన్నీ నిండుగా వచ్చాయి, పని అయిపోయిందనుకున్నాను.

ఐదో రోజు

అయిపోలేదు. పరీక్షల స్క్రిప్ట్‌లో ఒక గడువు ఉంది; అది దాటాక ఇంకా కదలకుండా ఉన్న ప్రాసెస్‌లన్నిటికీ సిగ్‌కిల్ (ప్రాసెస్‌ను చంపే సిగ్నల్) పంపుతుంది. కోర్ రాస్తూ ఉన్న ప్రాసెస్ బయటి నుంచి చూస్తే కదలనట్టే కనిపిస్తుంది కాబట్టి దానికీ ఆ సిగ్నల్ అందుతుంది. కోర్ డంప్ మొదలైన ప్రాసెస్‌ను ఏ సిగ్నలూ తాకదని నేను ఎక్కడినుంచో ఒక నమ్మకం పెంచుకున్నాను. కెర్నెల్ సోర్స్ తెరిచి చూస్తే అక్కడ మిగతా సిగ్నళ్లను పక్కన పెట్టి సిగ్‌కిల్‌ను మాత్రం స్పష్టంగా అనుమతించే వరుస ఉంది. అలా అనుమతించడానికి మంచి కారణమే ఉంది. పెద్ద మెమరీ ఉన్న ప్రాసెస్ నెమ్మదైన డిస్క్ మీదికి గంటసేపు కోర్ రాస్తూ కూర్చుంటే దాన్ని ఆపే దారి నిర్వాహకుడికి ఉండాలి కదా.

ఫలితం మాత్రం నా మూడో రోజు ఏర్పాటును మొత్తంగా తీసిపారేసింది. పైప్ నిండి ఆగిన ప్రాసెస్ సిగ్‌కిల్‌తో లేచి డంప్‌ను మధ్యలోనే వదిలేస్తుంది. హెల్పర్ ముగిసేదాకా ఎదురుచూసే నిరీక్షణ కూడా సిగ్నల్‌తో తెగిపోయేదే. అంటే కోర్ పైప్ లిమిట్ మర్యాదగా నడుచుకునే వ్యవస్థలో ప్రాసెస్‌ను నిలబెడుతుంది. ఎవరైనా చంపాలనుకుంటే నిలబెట్టలేదు. పైప్‌లో అప్పటికే చేరిన భాగం మాత్రం హెల్పర్ చదువుకోవడానికి మిగిలి ఉంటుంది. రికార్డులో సగం కోర్, దాని పక్కన ఇంకెవరివో వివరాలు చేరే దారి ఇక్కడ ఇంకా తెరిచే ఉంది.

ఆరో రోజు

రేస్ ఉందని వాదించడం కంటే దాన్ని కళ్లముందు చేసి చూపించుకోవడం మేలు. వెయ్యిసార్లు నడిపి ఒకసారి తగులుతుందేమో చూడటం నాకు నచ్చని పద్ధతి. తగలకపోతే ఏమీ నేర్చుకోలేము. అందుకని హెల్పర్ మొదటి వరుసలో, ప్రోక్ తెరవడానికి ముందు, కావాలని రెండు సెకన్ల నిద్ర పెట్టి కిటికీని వెడల్పు చేశాను.

రెండో చిక్కు సంఖ్య తిరిగి రావడం. కెర్నెల్ పీఐడీలను వరుసగా పెంచుకుంటూ పోయి, గరిష్ఠం చేరాక 300 దగ్గరికి తిరిగి వస్తుంది. పాత అలవాటు గరిష్ఠం 32768. 64 బిట్ యంత్రాల్లో దీన్ని 4194304 దాకా పెంచవచ్చు, సిస్టమ్‌డీ (యంత్రంలోని సేవలను నడిపే ప్రోగ్రామ్) ఉన్న చాలా వ్యవస్థల్లో అలాగే పెంచి ఉంటుంది. వర్చువల్ మెషీన్‌లో దాన్ని 1024కి తగ్గించాను. అప్పుడు తిరిగే చక్రంలో సుమారు 724 స్థానాలే ఉంటాయి, వాటిలో కొన్ని అప్పటికే వాడకంలో ఉంటాయి. చిన్న లూప్‌లో ఫోర్క్ చేస్తూ (కొత్త ప్రాసెస్‌లను పుట్టిస్తూ) పోతే రెప్పపాటులో పాత సంఖ్య తిరిగి చేతికి వస్తుంది.

అయినా మొదటి పూటంతా సంఖ్య తిరిగి రాలేదు. కూలిన ప్రాసెస్‌ను చంపాను, తల్లి దాన్ని రీప్ చేసింది, ప్రోక్‌లో ఆ పేరు లేదు, కానీ ఫోర్క్ చక్రం ఆ ఒక్క సంఖ్యను దాటుకుంటూ పోతోంది. కారణం వెతికితే, నా బలిపశువు ప్రోగ్రామ్ ఒక ప్రాసెస్ గ్రూప్‌కు నాయకుడు, దాని పిల్లల్లో ఒకటి ఇంకా బతికే ఉంది. గ్రూప్ సంఖ్యగా వాడుతున్నంత కాలం కెర్నెల్ ఆ సంఖ్యను వదలదు. ఆ పిల్లను కూడా ఆపగానే తరువాతి చుట్టులో నా కొత్త ప్రాసెస్ ఆ సంఖ్యలో కూర్చుంది, హెల్పర్ నిద్ర లేచి దాని కమాండ్ లైన్‌ను నిక్షేపంగా రాసుకుంది. నిద్ర ఉన్నప్పుడు ప్రతిసారీ ఇదే జరిగింది. నిద్ర తీసేస్తే అరుదుగా జరిగింది. యాదృచ్ఛికంగా అరుదైనది, ఎవరైనా పూనుకుని చేస్తే అరుదుగా ఉండదు.

గరిష్ఠాన్ని నలభై లక్షలకు పెంచితే చక్రం తిరగడానికి సమయం పడుతుంది కాబట్టి భద్రం అన్న వాదన నాకు మొదట్లో బాగానే అనిపించింది. కొంచెం ఆలోచిస్తే అది నిలవదు. చక్రం తిప్పే పని క్రాష్‌కు ముందే చేసుకోవచ్చు: ప్రాసెస్‌ను సిగ్‌స్టాప్‌తో ఆపి, తీరికగా ఫోర్క్‌లు చేసుకుంటూ దాని సంఖ్యకు ఒక అడుగు ముందు దాకా వచ్చి, ఆ తరువాతే దాన్ని కూల్చవచ్చు. ఖర్చంతా రేస్‌కు బయటే పడుతుంది. లోపల మిగిలేది ఒక చంపడం, ఒక ఫోర్క్ మాత్రమే. పెద్ద గరిష్ఠం వల్ల పొరపాటున జరిగే కలయికలు తగ్గుతాయి, కావాలని చేసేవి తగ్గవు.

ఏడో రోజు

ఇది కేవలం రికార్డులు తారుమారు కావడమే అయితే ఇంత పట్టింపు అక్కరలేదు. కానీ హెల్పర్ రూట్‌గా (సర్వాధికారాలున్న వినియోగదారుగా) నడుస్తుంది, కోర్‌ను ఎవరు చదవవచ్చో నిర్ణయించేదీ అదే. సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌ను (ఎవరు నడిపినా దాని యజమాని అధికారంతో నడిచేదాన్ని) మామూలు వినియోగదారుడు నడిపినప్పుడు దాని నిజ యూఐడీ (వినియోగదారు సంఖ్య) ఆ వినియోగదారుడిదే, అధికారం మాత్రం రూట్‌ది. కెర్నెల్ ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చే యూఐడీ నిజ యూఐడీ కాబట్టి, దాన్ని మాత్రమే చూసి కోర్‌ను ఆ వినియోగదారుడికి అప్పగిస్తే రూట్ మెమరీని అప్పగించినట్టే. పైగా నిజ యూఐడీ తనదే కావడం వల్ల ఆ ప్రాసెస్‌ను ఆపే, చంపే సిగ్నళ్లను పంపే హక్కు కూడా ఆ వినియోగదారుడికి ఉంటుంది. నిన్న నేను వర్చువల్ మెషీన్‌లో ఆడిన ఆటకు కావలసినవన్నీ సమకూరినట్టే.

సరిగ్గా ఈ లోపమే 2025 మే 29న క్వాలిస్ సంస్థ బయటపెట్టిన సీవీఈ-2025-4598 (సీవీఈ అంటే బహిరంగంగా నమోదైన భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు). సిస్టమ్‌డీ కోర్‌డంప్ ప్రోగ్రామ్ కూలిన ప్రాసెస్ ఆగ్జిలరీ వెక్టర్‌ను (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు కెర్నెల్ ఇచ్చే వివరాల పట్టికను) ప్రోక్ నుంచి చదివి, అందులోని నిజ యూఐడీ, అధికారాన్ని నిర్ణయించే ఎఫెక్టివ్ యూఐడీ ఒకటేనా అని చూసి కోర్‌ను ఎవరు చదవవచ్చో తేల్చేది. ఆ చదివే లోపే అదే సంఖ్యలో సెట్‌యూఐడీ కాని మామూలు ప్రాసెస్‌ను కూర్చోబెడితే ఆ తనిఖీ తప్పు మనిషిని చూసి సరేనంటుంది. పాస్‌వర్డ్‌లను సరిచూసే యూనిక్స్ సీహెచ్‌కేపీడబ్ల్యూడీ అనే ప్రోగ్రామ్ కోర్ నుంచి పాస్‌వర్డ్ హ్యాష్‌లను రాబట్టవచ్చని వారు చూపించారు. అదే రోజు వెల్లడైన సీవీఈ-2025-5054 అపోర్ట్ అనే హెల్పర్‌కు సంబంధించినది. అక్కడ పీఐడీ పునర్వినియోగానికి నేమ్‌స్పేస్‌లు తోడయ్యాయి. నా రెండో రోజు పొరపాటు, మూడో రోజు పొరపాటు కలిసి నడిచినట్టు అనిపించి కాసేపు నవ్వుకున్నాను.

సిస్టమ్‌డీ వారు చేసిన సవరణలో నాకు వెంటనే పనికొచ్చిన అంశం చిన్న అక్షరం డీ సంకేతం. ఇది కూలిన ప్రాసెస్ డంపబుల్ స్థితిని 0, 1, 2 అన్న విలువలలో ఒకటిగా ఇస్తుంది: 1 అంటే మామూలుగా, వినియోగదారుడు చదవగలిగేది, 2 అంటే రూట్ మాత్రమే చదవవలసినది. ఈ విలువను కెర్నెల్ ఆర్గ్యుమెంట్ల వరుసను తయారుచేసే క్షణంలోనే, కూలిన ప్రాసెస్ సందర్భంలోనే నింపుతుంది. ఆ తరువాత ఆ ప్రాసెస్‌ను చంపినా, దాని సంఖ్యలో ఎవరిని కూర్చోబెట్టినా ఆ అక్షరం మారదు. ఇది ఏళ్ల తరబడి చేతికి అందేంత దూరంలో ఉన్నా ప్రోక్‌లోకి వెళ్లి అదే ప్రశ్నను మళ్లీ అడగడమే మనకు అలవాటైంది. హెల్పర్‌లో అనుమతుల నిర్ణయాన్ని ఈ రోజే దీని మీదికి మార్చాను: 1 కాకపోతే కోర్ రూట్‌దే, మరో మాట లేదు.

ఎనిమిదో రోజు

అనుమతుల సంగతి తేలింది గానీ కమాండ్ లైన్, ఫైళ్ల జాబితా, సీగ్రూప్ ఇంకా ప్రోక్ నుంచే రావాలి. వచ్చినవి సరైన ప్రాసెస్‌వేనా అని తేల్చే ఒక తెలివైన దారి దొరికిందనుకుని రోజంతా దాని మీద పెట్టాను. ప్రోక్‌లోని స్టాట్ ఫైల్ 22వ ఫీల్డ్‌లో ప్రాసెస్ మొదలైన సమయం ఉంటుంది. కెర్నెల్ క్రాష్ సమయాన్ని ఆర్గ్యుమెంట్‌గా ఇస్తుంది. క్రాష్ తరువాత పుట్టిన ప్రాసెస్ కూలిన ప్రాసెస్ కాజాలదు. ఇంత సులభమా అనిపించింది.

కాదు. స్టాట్‌లోని సమయం యంత్రం బూట్ అయినప్పటి నుంచి లెక్కించిన క్లాక్ టిక్కులలో, మామూలుగా సెకనుకు 100 చొప్పున ఉంటుంది. క్రాష్ సమయం గోడగడియారం సెకన్లలో ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చాలంటే బూట్ సమయం కావాలి, మధ్యలో ఎవరైనా గడియారం సరిచేస్తే ఆ లెక్క తప్పుతుంది. అన్నీ సవ్యంగా ఉన్నా, క్రాష్ జరిగిన సెకనులోనే కొత్త ప్రాసెస్ పుడితే రెండిటినీ వేరు చేయలేము, నా ఆరో రోజు ప్రయోగంలో సంఖ్య తిరిగి వచ్చింది సెకనులో చిన్న ముక్కలోనే. స్టాట్ వరుసను విడగొట్టడంలో కూడా ఒక పాత గొయ్యి ఉంది: ప్రాసెస్ పేరులో ఖాళీలు, బ్రాకెట్లు ఉండవచ్చు కాబట్టి చివరి మూసే బ్రాకెట్ నుంచి లెక్క మొదలుపెట్టాలి. రాసిందంతా సాయంత్రం తీసేశాను. అనుమానాన్ని తగ్గించేదే తప్ప తొలగించేది కాని తనిఖీ ఉంటే, ఆరు నెలల తరువాత చదివేవాళ్లు అది ఉందన్న ధైర్యంతో మిగతావి సడలిస్తారు.

తొమ్మిదో రోజు

ప్రోక్‌లో ఆ పీఐడీ డైరెక్టరీని ఒక్కసారి తెరిచి, వచ్చిన డిస్క్రిప్టర్ (తెరిచినదానికి కెర్నెల్ ఇచ్చే పట్టు) ఆధారంగానే లోపలి ఫైళ్లన్నీ తెరిచేలా మార్చాను. ఆ డిస్క్రిప్టర్ సంఖ్యకు కాక ప్రాసెస్‌కు కట్టుబడి ఉంటుంది. ప్రాసెస్ పోయాక దాని ద్వారా చదవబోతే అలాంటి ప్రాసెస్ లేదనే ఎర్రర్ వస్తుంది తప్ప కొత్తగా వచ్చినవారి వివరాలు రావు. కనీసం ఒక రికార్డులో కమాండ్ లైన్ ఒకరిది, ఫైళ్ల జాబితా ఇంకొకరిది అయ్యే ప్రమాదం పోయింది. అయితే మొదటి తెరవడం మాత్రం సంఖ్యతోనే జరుగుతోంది. పీఐడీఎఫ్‌డీని (ప్రాసెస్‌కే కట్టుబడిన డిస్క్రిప్టర్‌ను) ఇచ్చే, 2019లో 5.3 కెర్నెల్‌తో వచ్చిన పీఐడీఎఫ్‌డీ ఓపెన్ సిస్టమ్ కాల్ వాడినా ఇదే పరిస్థితి, దానికీ సంఖ్యే ఇవ్వాలి. క్రాష్‌కు, హెల్పర్ మొదటి వరుసకు మధ్య ఉన్న సందు హెల్పర్ లోపల ఎంత చాకచక్యంగా రాసినా మూసుకోదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పదకొండో రోజు

ఆ సందును మూయగలిగేది ప్రాసెస్‌ను చేతిలో పట్టుకుని ఉన్న కెర్నెల్ ఒక్కటే. 2025 జూలైలో విడుదలైన 6.16లో అందుకు తగిన సంకేతం చేర్చారు: కోర్ ప్యాటర్న్‌లో పెద్ద అక్షరం ఎఫ్ రాస్తే, కూలిన ప్రాసెస్‌కు చెందిన పీఐడీఎఫ్‌డీని కెర్నెల్ స్వయంగా హెల్పర్‌లో 3వ డిస్క్రిప్టర్‌గా అమర్చి పెడుతుంది. సంఖ్య నుంచి ప్రాసెస్‌కు వెళ్లే అడుగు మనవైపు ఉండదు. వర్చువల్ మెషీన్‌లో 6.16 కెర్నెల్‌ను బిల్డ్ చేసుకుని పని మొదలుపెట్టాను.

రెండు గంటలపాటు ఏ కాల్ చేసినా చెల్లని డిస్క్రిప్టర్ అనే ఎర్రర్ వచ్చింది. ఒకసారైతే అంతకంటే చిత్రంగా, 3వ డిస్క్రిప్టర్ నా సొంత లాగ్ ఫైల్ అని తేలింది. రూట్‌గా నడిచే ప్రోగ్రామ్ మొదట్లోనే 3, ఆపై ఉన్న డిస్క్రిప్టర్లన్నీ మూసేయాలన్నది నేను ఏళ్లుగా పాటిస్తున్న మంచి అలవాటు. హెల్పర్ మెయిన్ ఫంక్షన్ మొదటి వరుస అదే. కెర్నెల్ నా చేతిలో పెట్టిన కానుకను చూడకుండానే పారేసి, అది రాలేదని కెర్నెల్‌ను అనుమానించాను. ఇప్పుడు మూసివేత 4 నుంచి మొదలవుతుంది, పక్కన కోపంగా రాసిన కామెంట్ ఒకటి ఉంది.

పీఐడీఎఫ్‌డీ చేతిలో ఉన్నా ప్రోక్‌కు ఇంకా సంఖ్యతోనే వెళ్లాలి కాబట్టి వరుస ఇలా స్థిరపడింది. పీఐడీఎఫ్‌డీ సమాచార ఫైల్ నుంచి సంఖ్య తీసుకుని, ఆ సంఖ్య డైరెక్టరీని తెరిచి, ఆ తరువాత పీఐడీఎఫ్‌డీ ద్వారా 0 సిగ్నల్ (ఏమీ చేయకుండా ప్రాసెస్ ఉందా అని మాత్రమే చూసేది) పంపి ఆ ప్రాసెస్ ఇంకా రీప్ కాలేదని రూఢి చేసుకుంటాను. రీప్ కానంత వరకు సంఖ్య విడుదల కాదు కాబట్టి, మూడో అడుగులో అది ఉంటే రెండో అడుగులో తెరిచిన డైరెక్టరీ దానిదే. అడుగుల వరుస ముఖ్యం. ముందు సిగ్నల్ పంపి తరువాత డైరెక్టరీ తెరిస్తే పాత సందు మళ్లీ తెరుచుకుంటుంది. నిద్ర పెట్టి, గరిష్ఠం 1024 చేసి, ఆరో రోజు ప్రయోగాన్ని మళ్లీ నడిపాను. ప్రతిసారీ 0 సిగ్నల్ విఫలమైంది, హెల్పర్ ప్రోక్ వివరాలను వదిలేసి, రికార్డు మీద సరిచూడలేదని ముద్ర వేసింది. ఈ ప్రాజెక్టులో విఫలం కావడం చూసి సంతోషించిన రోజు ఇదొక్కటే.

పన్నెండో రోజు

నిన్న రాసినదాన్ని శుభ్రం చేస్తూ 0 సిగ్నల్ బదులు పోల్ కాల్ వాడితే బాగుంటుందేమో చూశాను. బాగుండదు, ఎందుకంటే పోల్ చెప్పేది ప్రాసెస్ ముగిసిందా అన్న సంగతి, నాకు కావలసింది సంఖ్య విడుదలైందా అన్న సంగతి. జాంబీగా (ఇంకా రీప్ కాకుండా) ఉన్న ప్రాసెస్ ముగిసినదే, కానీ సంఖ్య దాని చేతిలోనే ఉంటుంది, ఆ డైరెక్టరీ ఇంకా దానిదే. అయితే జాంబీకి మెమరీ ఉండదు కాబట్టి ఎగ్జిక్యూటబుల్ లింక్ చదవలేము, మెమరీ మ్యాప్ ఖాళీగా వస్తుంది. ఆ ఖాళీని వివరాలు లేవని రాయాలి గానీ, విలువ ఖాళీ అని రాయకూడదు. రెండు రకాల ఖాళీలకు రికార్డులో రెండు వేర్వేరు గుర్తులు పెట్టాను.

పదమూడో రోజు

కోడ్ ముట్టుకోలేదు, కెర్నెల్ వైపు చదువుకున్నాను. ఇదే జాతి రేస్ హెల్పర్లలోనే కాక కోర్ రాసే కెర్నెల్ కోడ్‌లో కూడా చాలాకాలం ఉంది. కోర్ మొదలవగానే ఆ మెమరీని పంచుకుంటున్న థ్రెడ్లన్నిటినీ కెర్నెల్ ఆపేస్తుంది. ఇక మెమరీ మ్యాప్‌ను మార్చేవారు ఎవరూ మిగలరన్న నమ్మకంతో లాక్ (ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే తాళం) పట్టుకోకుండానే ఆ మ్యాప్ వెంట నడిచేది. పైప్‌కు అవతల ఉన్న హెల్పర్ ఎంతసేపు చదవకుండా కూర్చుంటుందో తెలియదు కాబట్టి అంతసేపు లాక్ పట్టుకోవడం కుదరదు, ఆ ఎంపిక అర్థం చేసుకోదగినదే. కానీ ఆ మెమరీని బయటి నుంచి పట్టుకున్న ఇతర ప్రాసెస్‌లు, యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ (మెమరీ ఫాల్ట్‌లను యూజర్ ప్రోగ్రామే తీర్చే సదుపాయం) ద్వారా గానీ ప్రోక్ ద్వారా గానీ, దాన్ని మార్చగలవు. భద్రతా పరిశోధకుడు జాన్ హార్న్ గుర్తించిన ఈ లోపం సీవీఈ-2019-11599గా నమోదైంది. 5.0.10లో చేసిన సవరణ ప్రకారం, బయటివారు లాక్ తీసుకున్నాక డంప్ మొదలైందేమో చూసి వెనక్కి తగ్గాలి. అలా చూడాల్సిన చోట్లు పెరిగే కొద్దీ ఒకటి మరిచిపోయే అవకాశమూ పెరుగుతుంది. 5.10లో దారి మార్చారు: లాక్ కింద మ్యాప్‌కు ఒక నకలు తీసుకుని, లాక్ వదిలేసి, ఆ నకలు ప్రకారం కోర్ రాస్తారు.

నకలు తీసుకుని దానితో పనిచేయడం అన్న ఈ పద్ధతి నాకు బాగా పట్టింది. కమాండ్ లైన్ విషయంలో కూడా అదే చేయవచ్చు కదా అని తట్టింది. కోర్ ఫైల్ మొదట్లోనే కెర్నెల్ రాసే నోట్స్ ఉంటాయి: ప్రాసెస్ పేరు, ఆర్గ్యుమెంట్లలో మొదటి భాగం, ఆగ్జిలరీ వెక్టర్, మ్యాప్ చేసిన ఫైళ్ల జాబితా, సిగ్నల్ వివరాలు. ఇవి కూలిన ప్రాసెస్ నుంచి కెర్నెల్ నేరుగా తీసి రాసినవి, పీఐడీ ద్వారా వెతికి తెచ్చినవి కావు. ప్రోక్ నుంచి నేను తెస్తున్నవాటిలో సగం ఇక్కడే ఉన్నాయి. నిజంగా ప్రోక్ మీద ఆధారపడవలసినవి తెరిచిన ఫైళ్లు, సీగ్రూప్, ఎన్విరాన్‌మెంట్‌లో కొంత, అంతే.

పదిహేనో రోజు

నోట్స్ చదివే కోడ్ రాశాను, దాన్ని రూట్‌గా నడపకూడదని నిర్ణయించుకున్నాను. కోర్‌లోని మెమరీ అంతా కూలిన ప్రాసెస్ ఇష్టప్రకారం నింపినదే. అలాంటి డేటాను రూట్ అధికారంతో విడగొట్టడం ఇంకో తలనొప్పిని పిలిచి పెట్టుకోవడం. హెల్పర్ ఫోర్క్ చేసి, పిల్ల ప్రాసెస్ అధికారాలన్నీ వదులుకున్నాకే కోర్‌ను ముట్టుకుంటుంది. కోర్ హెడర్లు చెప్పే మొత్తం పరిమాణానికి, నిజంగా వచ్చిన బైట్లకు తేడా ఉంటే డంప్ మధ్యలో తెగిందని గుర్తు పెడుతుంది. ఐదో రోజు నాటి సిగ్‌కిల్ కేసులన్నీ ఇప్పుడు ఈ గుర్తుతో బయటపడుతున్నాయి.

పాత కెర్నెల్ మీద, అంటే పీఐడీఎఫ్‌డీ రాని చోట, ఏం చేయాలన్నది చివరిదాకా తేల్చుకోలేకపోయాను. ప్రోక్ వివరాలను అసలు తీసుకోకపోవడం ఒక పద్ధతి. తీసుకుని, నోట్స్‌లోని పేరుతో సరిపోతేనే ఉంచడం ఇంకో పద్ధతి. రెండోది ఆకర్షణీయంగా ఉంది గానీ, పేరు 15 అక్షరాలకే పరిమితం, దాన్ని ఏ ప్రాసెస్ అయినా తనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఎనిమిదో రోజు నేర్చుకున్నది గుర్తొచ్చి మొదటి పద్ధతికే వచ్చాను. పాత కెర్నెల్‌లో రికార్డు చిన్నగా ఉంటుంది, రూట్ మాత్రమే చదవగలుగుతుంది.

పదిహేడో రోజు

6.16లోనే వచ్చిన రెండో దారిని ఈ రోజు మొదలుపెట్టాను. కోర్ ప్యాటర్న్‌ను నిలువు గీత బదులు ఎట్ గుర్తుతో మొదలుపెట్టి ఒక యూనిక్స్ సాకెట్ (ఒకే యంత్రంలోని ప్రాసెస్‌లు మాట్లాడుకునే ద్వారం) పాత్ ఇస్తే, కెర్నెల్ ప్రతి క్రాష్‌కు ఒక రూట్ ప్రాసెస్‌ను పుట్టించడం మాని, నడుస్తున్న సర్వర్ సాకెట్‌కు కూలిన ప్రాసెస్ తరఫున కనెక్ట్ అవుతుంది. అవతలి వైపు పీఐడీఎఫ్‌డీని సాకెట్ ఆప్షన్ ద్వారా తీసుకోవచ్చు, దాని మీద సమాచార అయాక్టల్ (డిస్క్రిప్టర్ మీద చేసే ప్రత్యేక కాల్) వేస్తే ఆ ప్రాసెస్ నిజంగా డంప్ అవుతోందా, ఆ డంప్ వినియోగదారుడి స్థాయిదా రూట్ స్థాయిదా అన్న బిట్లు వస్తాయి. పది లక్షణాలున్న ప్రోగ్రామ్‌ను కెర్నెల్ రూట్‌గా ఎక్కడినుంచో ఊడిపడేలా చేయడం కంటే ఇది నాకు ఎంతో సుఖంగా ఉంది. సర్వర్‌కు కావలసిన అధికారాలను ముందే కత్తిరించి పెట్టుకోవచ్చు.

సాయంత్రానికి కనెక్షన్ అందుతోంది, కోర్ చివరిదాకా వస్తోంది. అయితే మామూలు ప్రాసెస్ ఒకటి అదే సాకెట్‌కు కనెక్ట్ అయి నకిలీ కోర్ పంపితే నా సర్వర్ దాన్ని కూడా ముఖం చూడకుండా రాసుకుంది, ఎందుకంటే డంప్ బిట్‌ను చదువుతున్నాను గానీ అది లేకపోతే తిరస్కరించే వరుస ఇంకా రాయలేదు. పరీక్షలో ఆ కేసు ఇప్పుడు ఎర్రగా ఉంది.